క్వార్టర్‌బ్యాక్ అందకపోతే చేతులెత్తాలా, తోసుకుంటూ పోవాలా?

డాలస్_నాన్న:
మావాడు హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో డిఫెన్సివ్ టాకిల్, అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి మధ్యలోంచి దూసుకెళ్లే లైన్‌మన్. క్వార్టర్‌బ్యాక్ అందడని తెలియగానే చేతులు పైకెత్తి పాస్‌కి అడ్డం పడమంటాడు వాళ్ల కోచ్. చేతులెత్తితే ఇక శాక్ (విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) రాదు, చివరిదాకా తోస్తూనే ఉండాలి అంటాడు మావాడు. ఇంట్లో రోజూ ఇదే వాదన. మీరేమంటారు?

హ్యూస్టన్_పాతకాపు:
కోచ్ చెప్పిందే రైట్ అన్నా. మా టెక్సన్స్ లైన్‌మన్ జె.జె. వాట్ 2012 సీజన్ చూడండి: 20.5 శాక్‌లు, వాటితోపాటు 16 పాస్‌లు చెడగొట్టాడు. మావాళ్లు ముద్దుగా 'స్వాట్' (చేత్తో కొట్టేయడం) అనేవాళ్లు. అదే 2012 జనవరిలో, అంటే అంతకుముందు సీజన్ చివర్లో, బెంగాల్స్ జట్టుతో ప్లేఆఫ్ మ్యాచ్. స్కోరు 10-10, హాఫ్‌టైమ్ దగ్గరపడింది. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ ఆండీ డాల్టన్ విసిరిన బంతిని లైన్ దగ్గరే ఎగిరి, కొట్టడం కూడా కాదు, ఏకంగా పట్టేసుకుని 29 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. టెక్సన్స్ 31-10తో గెలిచారు, ఫ్రాంచైజ్ చరిత్రలో అదే మొదటి ప్లేఆఫ్ గెలుపు. ఒట్టి తోపులాటతో అది వచ్చేదా?

నాలుగో_డౌన్:
వాట్ ఎత్తు ఆరడుగుల ఐదంగుళాలు. అలాంటివాణ్ని చూపించి అందరి పిల్లలకూ నేర్పితే ఎలా? రామ్స్ జట్టు డిఫెన్సివ్ టాకిల్ ఆరన్ డొనాల్డ్ ఆరడుగుల పైన ఒక్క అంగుళం. 2018లో అతనివీ 20.5 శాక్‌లే. 2022 ఫిబ్రవరి సూపర్ బౌల్ గుర్తుందా? రామ్స్ 23-20తో ముందున్నారు, నిమిషం కూడా లేదు, బెంగాల్స్‌కి ఫోర్త్ అండ్ వన్, అంటే ఆఖరి ప్రయత్నం, కావాల్సింది ఒక్క యార్డు. డొనాల్డ్ తనని ఆపే గార్డ్‌ని దాటేసి వాళ్ల క్వార్టర్‌బ్యాక్ బరోని పట్టి తిప్పేశాడు, పాస్ నేలపాలు. అక్కడ చేతులెత్తి నిలబడి ఉంటే బరో హాయిగా విసిరేవాడు.

ట్రెంచ్_రాజు:
ఇద్దరూ వేర్వేరు ఆటల గురించి మాట్లాడుతున్నారు. అసలు ప్రశ్న ఏ పాస్‌కి అన్నది.

క్వార్టర్‌బ్యాక్ మూడడుగులు వెనక్కి వేసి టక్కున విసిరేస్తే డొనాల్డ్ అయినా అందుకోలేడు. అక్కడ చేతులే గతి. ఐదు, ఏడు అడుగులు వెనక్కి వేసే డ్రాప్ అయితే తోసుకుంటూ పోవాల్సిందే.

ఇక పద్ధతి. ఊళ్లో వాలీబాల్ ఆడినవాళ్లకి తెలుసు, మంచి బ్లాకర్ బంతిని కాదు, కొట్టేవాడి భుజం చూస్తాడు. ఇక్కడా అంతే. క్వార్టర్‌బ్యాక్ రెండు చేతులతో బంతి పట్టుకున్నంతసేపూ మీ పని తోయడమే. విసరని చెయ్యి బంతిని వదిలిందంటే పాస్ వస్తున్నట్టే. అప్పుడు ఎదురుగా ఉన్న చెయ్యి ఎత్తాలి, అంటే కుడిచేతి వాటం వాడికి మీ ఎడమ చెయ్యి. రెండో చెయ్యి మిమ్మల్ని ఆపే బ్లాకర్ ఛాతీ మీదే ఉండాలి, కాళ్లు ఆగకూడదు. పిల్లలు చేసే పెద్ద తప్పు ఎగరడం. ఒక్క పంప్ ఫేక్‌తో (విసిరినట్టు నటిస్తే) గాల్లో ఉండిపోతారు, వాడు పక్కనుంచి జారుకుంటాడు. పైగా మీరు చేతులెత్తుతారని తెలిస్తే, రూల్ ఒప్పుకునే చోట బ్లాకర్ మీ మోకాళ్ల మీదికి పడతాడు. చేతులు వాటంతటవే కిందికొస్తాయి.

అంచు నుంచి చుట్టూ తిరిగి వచ్చేవాళ్లకి ఇదంతా అక్కర్లేదు. పాస్ వెళ్లే దారిలో వాళ్లు చాలావరకు ఉండరు. విసిరే చెయ్యి మీద కొట్టడమే వాళ్ల పని.

డాలస్_నాన్న:
చెయ్యి తగిలి బంతి పైకి లేస్తే?

ట్రెంచ్_రాజు:
ఆట ఆగదండీ. డిఫెండర్ చెయ్యి తగిలిన క్షణం నుంచి మామూలుగా పాస్ పట్టకూడని అవతలి లైన్‌మెన్ కూడా పట్టుకోవచ్చు, పాస్ ఇంటర్‌ఫియరెన్స్ (పట్టేవాణ్ని అడ్డుకోవడం) ఫౌల్ కూడా ఉండదు. నేల తాకేలోపు బంతి ఎవరికి దొరికితే వాళ్లది.

నాలుగో_డౌన్:
నేను చెప్పేదీ అదే. 2018 జనవరిలో చీఫ్స్ మీద ప్లేఆఫ్‌లో టైటాన్స్ క్వార్టర్‌బ్యాక్ మారియోటా పాస్‌ని చీఫ్స్ ఆటగాడు రెవిస్ చేత్తో కొట్టాడు. బంతి తిరిగి మారియోటాకే దొరికింది, టచ్‌డౌన్! టైటాన్స్ 22-21తో గెలిచారు. శాక్‌లో ఈ తలనొప్పి లేదు, పైగా అవతలివాళ్లకి యార్డులు పోతాయి.

హ్యూస్టన్_పాతకాపు:
రెవిస్ కార్నర్‌బ్యాక్ (పాస్ పట్టేవాళ్లని కాపు కాసేవాడు) కదా బ్రో, లైన్‌మన్‌ని వదిలేసి అతన్ని తెచ్చావేంటి? ఎప్పుడో జరిగే అలాంటి వింత చూపించి పద్ధతే తప్పంటే ఎలా? శాక్‌కి టీవీలో డాన్సులు, కాంట్రాక్ట్‌లో బోనస్. చేత్తో చెడగొట్టిన థర్డ్ డౌన్ పాస్‌ని మర్నాటికి ఎవరూ గుర్తుపెట్టుకోరు. పిల్లలు శాక్‌ల వెంటపడేది అందుకే.

నాలుగో_డౌన్:
సరే, మూడడుగుల డ్రాప్‌కి ఒప్పుకుంటా. థర్డ్ అండ్ ట్వెల్వ్‌లో (మూడో ప్రయత్నం, ఇంకా పన్నెండు యార్డులు కావాలి) చేతులెత్తి నిలబడేవాణ్ని మాత్రం నేనైతే బెంచ్ మీద కూర్చోబెడతా.