మాలలో ఉన్నప్పుడు విటమిన్ డి క్యాప్సూల్ వేసుకోవచ్చా?

ప్రశ్న, దేవరకొండ నుంచి:
మా బాపు అయ్యప్ప మాల వేసుకున్నారు. మోకాళ్ల నొప్పులకు డాక్టర్ వారానికొక విటమిన్ డి క్యాప్సూల్ రాశారు, 60,000 యూనిట్లది. భజన దగ్గర ఎవరో స్వామి "దాని పైతొడుగు పశువుల తోలుతో చేస్తారు" అన్నారట. అప్పటి నుంచి షీటు ముట్టుకోవడం లేదు. అటూ ఇటూ తిప్పి చూశాను, పచ్చ చుక్క లేదు, గోధుమరంగు గుర్తూ లేదు. 41 రోజులు ఆపేస్తే ఏమన్నా అవుతుందా?

మిర్యాలగూడ, మెడికల్ షాపు:
అక్కా, ఆ స్వామి చెప్పింది అబద్ధం కాదు. రెండు వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా ఉండి, లోపల నూనె కదులుతున్నట్టు ఉంటే దాని తొడుగు చాలావరకు జెలటినే. తడి చేత్తో పట్టుకోండి, వేళ్లకు జిగురులా అంటుకుంటుంది. పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసేదే జెలటిన్. పచ్చ చుక్క తిండి ప్యాకెట్లకు పెట్టిన రూలు, గోలీల షీటు మీద దానికోసం వెతికి లాభం లేదు.
అలాగని సొంతంగా ఆపొద్దు. ఇదే మందు పొడి ప్యాకెట్లలో, తాగే సీసాల్లో కూడా వస్తుంది. డాక్టర్‌ను అడిగి మార్పించుకోండి. క్యాప్సూలే కావాలంటే హెచ్‌పీఎంసీ అని రాసి ఉన్నది చూడండి, ఆ తొడుగు మొక్కల పీచు నుంచి చేస్తారు.
ఒక్క మాట ముందే చెప్తున్నా, తర్వాత నన్ను తిట్టొద్దు. లోపలి డి3 మందును కూడా ఎక్కువగా గొర్రె ఉన్నికి పట్టిన జిడ్డు నుంచే తీస్తారు. గొర్రెను చంపరు, ఉన్ని కత్తిరిస్తారు, అంతే.

మహబూబ్‌నగర్, కిరాణా:
గొంగడి కప్పుకునేవాళ్లం, ఉన్నికి అభ్యంతరం ఏముంటుంది! ఆ పచ్చ చుక్క కథా చెప్పాలి. పాలు, తేనె, మైనం, లక్క ఉన్నా దాన్ని శాకాహారం కిందే లెక్కేస్తారు, రూలులోనే ఉంది. కొన్ని చాక్లెట్ గోలీల మీద మెరుపు లక్కదే, 904 అని నంబరు ఉంటుంది. లక్క అంటే పురుగు కక్కిన జిగురు. గాజులకు వాడేదీ అదే.

దేవరకొండ:
మరి మిఠాయి మీద వెండి రేకు? ప్రసాదానికి తెచ్చాం.

మహబూబ్‌నగర్, కిరాణా:
ఒకప్పుడు పశువుల పేగుల పొరల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. 2016లో ఆహార భద్రత సంస్థ తయారీలో ఎక్కడా జంతువుల పదార్థం వాడొద్దని రూలు పెట్టింది. అయినా నేనైతే రేకు లేని లడ్డూలే తెస్తాను.

పోచంపల్లి, నేత పని:
అందరూ తిండి దగ్గరే ఆగిపోయారు. పట్టు సంగతేంటి? మేం దారం కొనుక్కుని నేస్తాం, పురుగు మా కంట పడదు. కానీ గూడును వేడికి పెట్టి లోపలి పురుగును చంపాకే దారం తీస్తారు. పురుగు కొరికి బయటికొస్తే పోగు తెగి ముక్కలవుతుంది. గద్వాల చీర ఒళ్లు నూలే అయినా అంచు, కొంగు పట్టే.

దేవరకొండ:
డాక్టర్ పొడి ప్యాకెట్ రాశారు. గ్లాసు పాలలో కలిపి ఇస్తే బాపు గటగటా తాగేశారు. ఉన్ని జిడ్డు సంగతి చెప్తే "గొర్రెకు బొచ్చు మళ్లీ వస్తుంది కదా" అన్నారు. పోచంపల్లి అన్నా, ఆదివారం మా ఇంట్లో పడిపూజ, అమ్మ గద్వాల చీర ఇస్త్రీ చేయించి పెట్టుకుంది. మీరు రాసింది మాత్రం ఆయనకు చదివి వినిపించలేదు.