అయోవా సర్వే లాంటిది వస్తే నమ్మాలా, వద్దా?

ప్రశ్న: 2024 అమెరికా ఎన్నికలకి మూడు రోజుల ముందు అయోవా రాష్ట్రంలో హారిస్‌కి 47 శాతం, ట్రంప్‌కి 44 శాతం అని సర్వేలు చేసే ఆన్ సెల్జర్ అనే ఆవిడ సర్వే వచ్చింది, గుర్తుందా? ఆ రాత్రంతా లెక్కలేసుకుంటూ కూర్చున్నా. తీరా చూస్తే ట్రంప్ 13 పాయింట్ల తేడాతో గెలిచాడు. ఇలాంటివి వస్తే పక్కన పెట్టేయాలా?

జవాబు: పక్కన పెట్టొద్దు, మిగతా సర్వేలతో కలిపి సగటు చూడండి. అందులో అడిగింది 808 మందిని, మార్జిన్ (అంటే లెక్క అటూ ఇటూ తప్పే అవకాశం) 3.4 పాయింట్లు. కానీ అది ఒక్కో అభ్యర్థి శాతానికి. ఇద్దరి మధ్య తేడాకి వచ్చేసరికి దాదాపు రెట్టింపవుతుంది. 3 పాయింట్ల ఆధిక్యం అసలు ఆధిక్యమే కాకపోవచ్చు.

ఇంకో జవాబు: మార్జిన్ ఒక్కటే కారణమైతే లెక్కలో 16 పాయింట్ల తేడా (హారిస్‌కి 3 అన్నది ట్రంప్‌కి 13 అయింది) రాదండీ. ఫోన్ ఎత్తి మాట్లాడేదెవరు అన్నదే అసలు గొడవ. 2016లో చాలా రాష్ట్ర సర్వేలు జవాబిచ్చినవాళ్ల చదువును లెక్కలోకి తీసుకోలేదు, డిగ్రీ ఉన్నవాళ్లేమో ఎక్కువగా జవాబిచ్చారు, దాంతో విస్కాన్సిన్ రాష్ట్రంలో హిల్లరీ క్లింటన్ గెలుస్తుందనుకున్నారు, గెలిచింది ట్రంప్. 2020లో అక్కడే బైడెన్‌కి 17 పాయింట్ల ఆధిక్యం చూపించిన సర్వే ఒకటుంది, ఆయన గెలిచింది ఒక శాతం లోపు!

అడిగినవారు: నిజమే. కానీ 2016, 2020 రెండుసార్లూ అయోవాలో ట్రంప్‌కి 7 పాయింట్ల ఆధిక్యమని చెప్పి అసలు ఫలితానికి దగ్గరగా వచ్చింది ఈ సెల్జరే. అందుకే నమ్మేశా.