హాంబర్గ్ కచేరీ హాలు స్టాంపు: కవరు మీద నుంచి తీయాలా, అట్టే ఉంచాలా?

పెన్న ఒడ్డు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా మా ఇంట్లో ఇదే గొడవ. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

మా పాప తొమ్మిదో తరగతి. కచేరీ హాళ్ళ బొమ్మలున్న స్టాంపులతో ఒక ఫ్రేమ్, అంటే స్టాంపుల ప్రదర్శనలో పెట్టే పదహారు పేజీలు, తయారు చేస్తోంది. 1973లో సిడ్నీ ఆపెరా హౌస్ తెరిచినప్పుడు ఆస్ట్రేలియా వేసిన స్టాంపు దొరికింది. బెర్లిన్ ఫిల్హార్మోనీ కూడా దొరికింది. మూడోది ఇంట్లోనే ఉంది. హాంబర్గ్‌లో ఎల్బ్‌ఫిల్హార్మోనీ అనే హాలు 2017 జనవరి 11న మొదలైంది. ఆ ఏడాదే జర్మనీ దానికి స్టాంపు వేసింది. అప్పుడు మా అబ్బాయి అక్కడ చదువుకుంటున్నాడు. ఆ స్టాంపు అంటించి వాళ్ళ అవ్వకి, అంటే మా అత్తకి, ఉత్తరం రాశాడు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటారేమో. అప్పటికే అత్తకి చెవుడు వచ్చేసింది, ఫోన్లో మాట వినపడేది కాదు. అంతకుముందు రేడియోలో భక్తిరంజని పెట్టకుండా పొయ్యి వెలిగించేది కాదావిడ. అందుకే వాడు ఆ హాల్లో పాట ఎట్టా వినిపిస్తుందో నాలుగు పేజీలు రాసి పంపాడు. మధ్యలో వాయించేవాళ్ళు, చుట్టూ మెట్లు మెట్లుగా 2,100 మంది, ఎవరు ఎక్కడ కూర్చున్నా వాయించేవాళ్ళని చేత్తో నడిపించే ఆయనకి (కండక్టరుకి) 30 మీటర్లకు మించి దూరం ఉండరట. అత్త ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. మడతల దగ్గర కాగితం బట్టలాగా మెత్తబడిపోయింది. ఆమె పోయి నాలుగేళ్ళు.

కవరు సంగతి ఇది. స్టాంపు కుడివైపు పైన ఉంది. ముద్ర గీతలు ఎడమ అంచు మీదుగా మాత్రమే పోయాయి, హాలు బొమ్మ శుభ్రంగా ఉంది. అడ్రసు నీలం జెల్ పెన్నుతో, ఒకసారి ఇంగ్లీషులో, కింద మళ్ళీ తెలుగులో. పైఅంచు చినిగితే అత్త సెల్లోటేపు వేసింది. ఇప్పుడు ఆ టేపు తేనె రంగుకు తిరిగింది. దాని జిగురు కాగితంలోకి ఇంకి, స్టాంపుకు అరంగుళం దూరం దాకా వచ్చేసింది.

మా ఆయన స్టాంపు నానబెట్టి తీసేయమంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. పాప ఎటూ చెప్పడం లేదు.

పాత స్టాంపులు (ఒంగోలు)

తీసేయండమ్మా. నలభై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, చూసి చెబుతున్నాను.

మీరు కవరును కాపాడుతున్నాననుకుంటున్నారు. మన కోస్తా గాలిలో కవరు తనను తానే కాపాడుకోలేదు. అక్టోబరు, నవంబరు వానల్లో బీరువాలోని కాగితం కూడా చెమ్మ పట్టేస్తుంది. ముందు గోధుమరంగు చుక్కలు వస్తాయి, తర్వాత వెండి పురుగు వస్తుంది. ఇవన్నీ ఒక ఎత్తు, టేపు జిగురు ఒక ఎత్తు. అది ఆగదు. స్టాంపు అంచుకు తగిలిందంటే ఆ జిడ్డు మరక ఏం చేసినా పోదు. నా దగ్గర 1961 త్యాగరాజ స్వామి స్టాంపు ఉన్న కవరు ఒకటి ఉండేది. టేపు ఉందని తెలిసీ ‘తర్వాత చూద్దాంలే’ అనుకున్నాను. ఆరేళ్ళ తర్వాత తీసి చూస్తే స్వామి వారి మీదకి నూనె మరక పాకింది. ఆ రోజు అన్నం సయించలేదు.

పద్ధతి సులువే. ముందు స్టాంపు చుట్టూ అంగుళం వదిలి కత్తిరించండి. గోరువెచ్చని నీళ్ళలో బొమ్మ కిందికి ఉండేట్టు వదలండి. పావుగంటకి అదే జారుతుంది, గోరు పెట్టి లాగొద్దు. వెనక జిగురు వేలితో మెల్లిగా కడిగి, బ్లాటింగ్ పేపర్ల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకం ఉంచండి. మర్నాటికి తయార్. పట్టకారతోనే ఎత్తాలి.

ఉత్తరం ఎటూ మీ దగ్గరే ఉంటుంది కదా. జ్ఞాపకం ఉత్తరంలో ఉంది, కవరులో కాదు.

గూడూరు రైలు

సార్ మాటంటే నాకు గౌరవం. కానీ ఆ కత్తెర మాట మాత్రం వద్దు. కత్తిరించాక అతికించలేం.

నేను కవర్లే దాస్తాను. విడి స్టాంపు ఒక బొమ్మ, అంతే. కవరు మీద ఉంటే ఎక్కడ వేశారు, ఏ తేదీన, ఎంత ఖర్చుతో, ఎవరికి వచ్చింది అన్నీ దాంట్లోనే ఉంటాయి. ఆ స్టాంపు మామూలుది, విడిగా తక్కువ ధరకే దొరుకుతుంది. పాపకి బొమ్మే కావాలంటే ముద్ర పడనిది ఒకటి కొనివ్వండి. నెల్లూరు అడ్రసుతో, తెలుగు అక్షరాలతో, హాలు తెరిచిన ఏడాదే హాంబర్గ్ నుంచి వచ్చిన కవరు ఇంకోటి ఎక్కడ కొంటారు?

ఇంకో సంగతి. అడ్రసు జెల్ పెన్నుతో రాసి ఉందన్నారు. నీటి చుక్క పడితే ఆ నీలం పాకిపోవచ్చు.

ఉదయగిరి కోట

అబ్బాయి ఏం రాశాడో గానీ, ఆ హాలు గురించి నాకు తెలిసింది చెబుతాను. సివిల్ ఇంజనీరుని, అందుకే ఆసక్తి.

అది ఖాళీ స్థలంలో కట్టింది కాదు. రేవులో 1960లలో కట్టిన ఇటుక గోదాము ఉండేది. కోకో, టీ, పొగాకు నిల్వ చేసేవాళ్ళు. హెర్జోగ్, ద మ్యూరాన్ అనే స్విస్ ఆర్కిటెక్టులు దాన్ని పడగొట్టకుండా దాని నెత్తిన అలల కప్పుతో అద్దాల మేడ కట్టారు. మొత్తం ఎత్తు 110 మీటర్లు. పాత గోదాముకు పునాదిగా నేలలోకి దింపిన స్తంభాలు (పైల్స్) 1,111 ఉంటే, కొత్త బరువు కోసం ఇంకో 650 దింపారు. ఓడల కూతలు లోపలికి రాకుండా 12,500 టన్నుల పెద్ద హాలును 362 స్ప్రింగు దిమ్మెల మీద నిలబెట్టారు. అంటే గది గోడలు బయటి గోడలను తాకవు. లోపల శబ్దం సంగతి చూసింది యాసుహిసా టొయోటా అనే జపాన్ నిపుణుడు. గోడలకు సుమారు పదివేల జిప్సం పలకలు బిగించారు, ఏ పలకకి ఆ పలక గుంటలు వేరు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పాతదాన్ని కూల్చకుండా దాని మీదే కొత్తది నిలబెట్టినందుకే ఆ భవనానికి అంత పేరు. అలాంటి భవనం స్టాంపును దాని కవరు నుంచి ఊడదీయడం నాకు నచ్చడం లేదు.

పాత స్టాంపులు (ఒంగోలు)

ఉదయగిరి గారూ, మంచి మాట చెప్పారు, కానీ సగమే చెప్పారు. ఆ గోదాము బయటి గోడలే ఉంచారు. లోపలంతా తొలిచేశారు. అంటే పనికొచ్చేది ఉంచి, పనికిరానిది తీసేశారు. నేను చెబుతున్నదీ అదే. పైగా 7.7 కోట్ల యూరోల్లో నగరం వాటా తేలిపోతుందని మొదలుపెట్టి 78.9 కోట్లకు తెచ్చారు. 2010లో తెరవాల్సింది 2017 అయింది. పాతదాన్ని ఉంచాలనుకుంటే ఓపికా ఖర్చూ రెండూ కావాలి. ఈ తల్లి అంత ఓపికగా ప్రతి వానాకాలం ఆ కవరు తీసి చూడగలదా? చూడగలిగితే నాకు అభ్యంతరం లేదు.

కందుకూరు టీచరమ్మ

మీరంతా స్టాంపు గురించే మాట్లాడుతున్నారు. ఆ టేపు వేసిన చెయ్యి ఎవరిది? పెద్దావిడది. కవరు చినిగితే పారెయ్యకుండా టేపు తెచ్చి అతికించింది. అంటే ఆమెకి ఆ కవరు కూడా ముఖ్యమే అనేగా. ‘జ్ఞాపకం కవరులో లేదు’ అన్న మాట నేను ఒప్పుకోను సార్.

పాపకి ఒక మాట. నువ్వు తొమ్మిదో తరగతి కదమ్మా, ఆరు నుంచి తొమ్మిది వరకు చదువుతూ స్టాంపులు సేకరించే పిలకాయలకి తపాలా శాఖ దీన్ దయాళ్ స్పర్శ్ స్కాలర్‌షిప్ ఉంది, ఏడాదికి 6,000 రూపాయలు. నీకు ఇదే ఆఖరి ఏడాది. పోస్టాఫీసులో ఫిలాటెలీ డిపాజిట్ అకౌంట్ (కొత్త స్టాంపులు తెప్పించుకునే ఖాతా) తెరిచి అప్లై చెయ్యి.

మైకా గని (సైదాపురం)

తీయాలా వద్దా అన్నది తర్వాత. ముందు టేపు సంగతి చూడండి, రోజులు గడిచేకొద్దీ కష్టం.

టేపును చేత్తో లాగితే కాగితం పొర లేచి వస్తుంది. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో, జానెడు దూరం నుంచి, టేపు మీదే పడేట్టు పెట్టండి. జిగురు మెత్తబడ్డాక పట్టకారతో ఒక కొస పట్టి, పైకి కాకుండా వెనక్కి మడిచినట్టు, చాలా నెమ్మదిగా లాగాలి. మిగిలిన జిగురును మెత్తటి రబ్బరుతో ఉండలు కట్టేట్టు రుద్దుతూ ఎత్తేయండి. ముందు పనికిరాని కవరు మీద ప్రాక్టీస్ చేయండి. తేనె రంగు మరక పోదు. కానీ జిగురు పోతే పాకడం చాలావరకు తగ్గుతుంది.

ఫ్రేమ్ కోసమైతే ఒక ఉపాయం ఉంది. పేజీకి కిటికీలాగా కోసి, కవరును వెనక పెట్టి, స్టాంపు, ముద్ర మాత్రమే ముందుకు కనిపించేట్టు చేస్తారు. ప్రదర్శనల్లో చాలామంది చేసేదే. కవరు చెక్కుచెదరదు, పేజీలో చోటూ కలిసొస్తుంది.

పాత స్టాంపులు (ఒంగోలు)

టేపు ఇట్టా తీయగలిగితే నా మాట సగం వెనక్కి తీసుకుంటాను. మిగతా సగం చెమ్మ గురించి. కవరును పీవీసీ ప్లాస్టిక్ సంచిలో పెట్టొద్దు, అది కూడా చెమట పట్టి అతుక్కుంటుంది. పాలిస్టర్ కవరులో (గుడ్డ కాదు, అద్దంలా ఉండే ప్లాస్టిక్) పెట్టి, నిలువుగా ఉంచండి. పక్కన సిలికా జెల్ పొట్లం పెట్టి రంగు మారినప్పుడల్లా మార్చండి. ఈ పని ఎప్పుడైనా మానేశారంటే నేను చెప్పిందే నిజమవుతుంది. టీచరమ్మ గారూ, మీరన్న మాట గురించి రాత్రంతా ఆలోచించాను. మా నాన్న రాసిన కవర్లన్నీ నేనే చిన్నప్పుడు కత్తిరించాను. స్టాంపులు ఉన్నాయి. ఆయన చేతిరాత ఒక్కటి లేదు.

పెన్న ఒడ్డు (నెల్లూరు)

అందరికీ దండాలు. ఆదివారం మధ్యాహ్నం టేపు తీశాం. ముందు మూడు పాత కవర్లు పాడుచేసి నేర్చుకున్నాం. అసలుదానికి గంటన్నర పట్టింది. డ్రయ్యర్ మా ఆయన పట్టుకున్నారు, పట్టకార పాప పట్టుకుంది. కొసన గోరంత కాగితం లేచింది, అంతే. టేపు కింద అత్త తల వెంట్రుక ఒకటి, తెల్లది, అతుక్కుని ఉంది. దాన్ని పాప విడిగా బటర్ పేపర్లో మడిచి పెట్టింది.

స్టాంపు తీయడం లేదు. కిటికీ కోయడానికి కూడా పాప ఒప్పుకోలేదు. కోస్తే అవ్వ పేరు వెనక్కి పోతుందట. కవరు మొత్తం కనపడేట్టు ఒక పేజీ అంతా దానికే ఇచ్చేసింది. అందుకని బెర్లిన్, సిడ్నీ రెండూ ఒకే పేజీలోకి సర్దింది.

ఒక్క సందేహం మిగిలింది. అంత పెద్ద కవరు పేజీ మీద నిలవాలంటే మూలలకు ఏం పెట్టాలి? షాపులో కాగితం కార్నర్లు ఇచ్చారు.

గూడూరు రైలు

కాగితంవి వద్దక్కా, జిగురు మళ్ళీ అదే కథ. పారదర్శకంగా ఉండే పాలిస్టర్ కార్నర్లు అడగండి. జిగురు పేజీకే అంటాలి, కవరుకు తగలకూడదు. కింది రెండు మూలలు కొంచెం పెద్దవి వేయండి, బరువంతా వాటి మీదే ఉంటుంది.