4 జీబీ ర్యామ్‌లో అవైలబుల్ 300 ఎంబీయే: క్లీనర్ వెయ్యాలా, ర్యామ్ కొనాలా?

పర్లాకిమిడి, డీటీపీ షాపు:
మాస్టారూ, ఐ3 మూడో తరం, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, విండోస్ 10, 64 బిట్. శుభలేఖలు తెలుగు, ఒడియా రెండింట్లోనూ చెయ్యాలి, అందుకే ఫాంట్లు వందల్లో ఉన్నాయి. పేజీలు కట్టే పేజ్‌మేకర్ తెరిచి ఉండగా క్రోమ్ తెరిస్తే మౌస్ కూడా కదలదు. టాస్క్ మేనేజర్‌లో ఇన్ యూజ్ 3.5, అవైలబుల్ 300 ఎంబీ, కమిటెడ్ 6.6/6.9. ఫాంట్లు తీసెయ్యాలా? ర్యామ్ క్లీనర్ ఏదైనా చెప్తారా?

గుణుపూర్:
క్లీనర్ జోలికి పోకండి. నడుస్తున్న ప్రోగ్రాముల డేటాని ర్యామ్‌లోంచి బయటికి నెట్టి అవైలబుల్ అంకె పెంచి చూపిస్తుంది, అంతే. పేజ్‌మేకర్ మీద నొక్కగానే అదంతా డిస్కు నుంచి మళ్లీ రావాలి. ఫాంట్లు ర్యామ్‌ని పెద్దగా తినవు. పేజ్‌మేకర్ తెరుచుకోవడం మాత్రం ఆలస్యమవుతుంది.

మీరు చూడాల్సింది కమిటెడ్, అంటే ప్రోగ్రాములకి ఇస్తానని విండోస్ ఒప్పుకున్న మెమరీ. ఆ 6.9 అంటే ర్యామ్, పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కులో వాడుకునే ఫైలు) కలిపిన హద్దు. అది నిండితే ప్రోగ్రాములు వాటంతట అవే మూసుకుపోతాయి, సేవ్ చెయ్యని పని పోతుంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, పెర్ఫార్మెన్స్ సెట్టింగ్స్, మళ్లీ అడ్వాన్స్‌డ్, వర్చువల్ మెమరీ. పైనున్న ఆటోమేటిక్ గడిలో టిక్ పెట్టండి, సి డ్రైవ్‌లో జాగా ఉంచండి. ఇది ప్రోగ్రాములు పడిపోకుండా కాస్తుంది గానీ వేగం ఇవ్వదు.

తర్వాత రిసోర్స్ మానిటర్‌లో మెమరీ ట్యాబు తెరిచి పని చేస్తూ హార్డ్ ఫాల్ట్స్ చూడండి, అంటే కావాల్సింది ర్యామ్‌లో లేక సెకనుకి ఎన్నిసార్లు డిస్కు నుంచి తేవాల్సి వస్తోందో. ఫైలు తెరిచినప్పుడు ఒకసారి ఎగిస్తే ఫర్వాలేదు. వందల్లోనే నిలబడిపోతే ర్యామ్ చాలడం లేదన్నమాట.

పర్లాకిమిడి, డీటీపీ షాపు:
క్రోమ్ తెరిచాక 400 దగ్గరే ఉంటోంది, దిగట్లేదు.

రాయగడ:
అయితే ర్యామే. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో స్లాట్స్ యూజ్డ్ (ర్యామ్ పెట్టే చోట్లు ఎన్ని నిండాయో) చూడండి. 2లో 1 అని ఉంటే ఇంకో 4 జీబీ డీడీఆర్3 (మీ బోర్డుకి సరిపోయే ర్యామ్ రకం) వెయ్యండి, వేగం 1333 గానీ 1600 గానీ. వేగాలు వేరైతే రెండూ తక్కువ వేగంతో నడుస్తాయి. డీడీఆర్4కి గాడి వేరేచోట ఉంటుంది, ఎక్కదు. చవగ్గా దొరికే డీడీఆర్3లో ఏఎండీ బోర్డులకే పనికొచ్చే రకం ఉంది, ఇంటెల్ బోర్డులో పెడితే బూటే అవదు. విజయనగరం నుంచి తెప్పించినా, బరంపురంలో కొన్నా ముందే అడగండి, పని చెయ్యకపోతే వాపసు మాట కూడా తీసుకోండి.

కరెంటు వైరు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలి, అప్పుడు పెట్టండి. పాత ర్యామ్ బంగారు కాళ్లని రబ్బరుతో తుడవండి, రెండు చివర్లా టక్కుమనేదాకా నొక్కండి. 8 బదులు 4 చూపిస్తే సరిగ్గా కూర్చోలేదు. హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ (విండోస్ వాడుకోడానికి అందని ర్యామ్) పెద్దగా ఉంటే సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో బూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, మాక్సిమమ్ మెమరీ టిక్ తీసెయ్యండి. రాత్రి షాపు కట్టే ముందు, ర్యామ్‌లో లోపాలు పరీక్షించే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ పెట్టి వెళ్లండి.