బీఎస్సీ రెండో ఏడాదిలోనే రీసెర్చ్ అంటే తొందరపాటా?

మద్దిలపాలెం_అమ్మాయి: కెమిస్ట్రీ, రెండో ఏడాది. హార్బర్ నీళ్ల మీద పని ఉందని ఒక మేడమ్ వారానికి రెండు మధ్యాహ్నాలు రమ్మన్నారు. నాన్న మాత్రం ముందు మార్కులు చూసుకో అంటున్నారు. ఎమ్మెస్సీ ఎంట్రన్స్ టెన్షన్ ఎలాగూ ఉంది. వెళ్లనా, మాననా?

గాజువాక_లెక్చరర్: మీ నాన్నగారి మాటే రైటమ్మా. మోలారిటీ లెక్క తిన్నగా రానివాళ్లు కూడా నా దగ్గరికొచ్చి రీసెర్చ్ అంటారు. తీరా చేసేది సీసాలు కడగడం, సార్ స్లైడ్లు దిద్దడం. ఇంకొందరు డబ్బు కట్టి ఏదో జర్నల్లో రీసెర్చ్ పేపర్ వేయించుకుంటారు, దాన్ని చూసి ఇంట్లో స్వీట్లు కూడా పంచుతారు!

జాలారిపేట_కుర్రోడు: సార్, సీసాలు కడగడాన్ని అంత తీసిపారేయకండి, డిగ్రీలో నేను చేసిందదే. ఫిషింగ్ హార్బర్ నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో వింక్లర్ పద్ధతిలో చూడాలి. పుస్తకంలో నాలుగు లైన్లు. అక్కడేమో పడవ ఊగుతూ ఉంటుంది, చేపల వాసన, సీసా పొంగేదాకా నింపాలి, మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలైన్ అయొడైడ్ అక్కడికక్కడే వేసి గాలి బుడగ లేకుండా మూత పెట్టాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. మొదటిరోజు నా సీసా ఒక్కటే బాగా ముదురు రంగుకొచ్చింది. "ఇక్కడ నీళ్లు బాగున్నాయి మేడమ్" అన్నాను. ఆవిడ సీసా తిరగేశారు, శనగగింజంత బుడగ పైకి తేలింది. నేను కొలిచింది గాలిని! ఆ సబ్జెక్టులో నాకు ఎన్ని మార్కులొచ్చాయో గుర్తులేదు, ఆ బుడగ మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఎంవీపీ_సీనియర్: అదంతా మంచి మేడమ్ దొరికితే. నేను ఒక ల్యాబ్‌లో ఏడాదంతా డేటా ఎక్కించాను, పేపర్‌లో నా పేరు లేదు, థాంక్స్ చెప్పిన చోట కూడా లేదు. ఫ్రీ చాకిరీకి రీసెర్చ్ అని పేరు పెట్టకండి. చెల్లీ, పని ఏంటి, ఎవరు నేర్పుతారు, పేరు వేస్తారా అని ముందే అడిగెయ్. మొహమాటపడ్డావా, అయిపోయావు. ఇది కుదరకపోతే మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్ ఉంది, రెండు నెలలు. నీకు సైన్స్ డిగ్రీవాళ్లకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ వస్తుంటే వేసవి ప్రాజెక్టు ఎలాగూ చేయాలి, ఏడాదికిచ్చే 80,000లో 20,000 దానికే. మన విశాఖలోనే ఎన్‌ఐఓ, అదే సముద్రాల మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ, ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడా అడిగి చూడు.

గాజువాక_లెక్చరర్: పేరు సంగతి ఒప్పుకుంటాను, అలాంటివాళ్లు మాలోనూ ఉన్నారు. బేసిక్స్ మాట మాత్రం వెనక్కి తీసుకోను. బుడగ ఉంటే రీడింగ్ ఎందుకు పెరుగుతుందో తెలిసినవాడికే ఆ తిరగేసిన సీసా పాఠం అవుతుంది బాబూ, మిగతావాళ్లకు తిట్లు.

జాలారిపేట_కుర్రోడు: నాకూ ఆ రోజు వరకు తెలీదు సార్. తిట్లు తిన్నాకే ఇంటికెళ్లి చదివాను.

మద్దిలపాలెం_అమ్మాయి: మేడమ్‌ని అడిగాను. పేరు సంగతి ఆర్నెల్ల తర్వాత చూద్దామన్నారు, నేర్పేది మాత్రం తనేనట. శనివారం నుంచి వెళ్తున్నా. నాన్నకు మిడ్ మార్కులు వచ్చాక చెప్తా.

గాజువాక_లెక్చరర్: ముందే చెప్పమ్మా. మిడ్ వారంలో మాత్రం హార్బర్ వైపు వెళ్లకు.