కొత్త పికప్‌కి మైలేజ్ మరీ తక్కువ వస్తోంది, ఎక్కడ చూసుకోవాలి?

మట్టిరోడ్డు:
అందరికీ నమస్కారం. నాది డబుల్ క్యాబ్ డీజిల్ పికప్, ఆటోమేటిక్, ఫోర్ వీల్ డ్రైవ్. తీసుకుని రెండు నెలలు కూడా కాలేదు, 2,400 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ చెప్పిన మైలేజ్ లీటరుకు 14, నాకు మాత్రం 9 దాటడమే గగనంగా ఉంది. ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టుకుని ఇష్టపడి కొన్న బండి, ఇప్పుడు డీజిల్ ముల్లు కిందికి జారుతుంటే టెన్షన్ మొదలవుతోంది. సర్వీస్ సెంటర్‌లో చూపించాను. స్కానర్ పెట్టి చూసి, ఎర్రర్ కోడ్ ఏదీ లేదు, ఇంకొంచెం తిరిగితే అదే సెట్ అవుతుంది అని పంపేశారు.

నా వాడకం చెప్తాను. వారంలో ఐదు రోజులు నాలుగైదు కిలోమీటర్ల చిన్న ట్రిప్పులు, రోజుకు రెండు మూడు. పొద్దున్నే ఇంజిన్ వేడెక్కాలని పది నిమిషాలు ఆన్ చేసి ఉంచుతాను. వారాంతంలో హైవే మీద 110, 115లో వెళ్తాను. కొన్న వారానికే 265/65 ఆర్17 టైర్లు తీయించి 285/70 ఆర్17 ఆల్ టెర్రెయిన్ వేయించాను, పైన క్యారియర్, దాని మీద లైట్ బార్ కూడా ఉన్నాయి. ఇంజిన్‌లోనే లోపం ఉందా, లేక నేనే ఎక్కడైనా తప్పు చేస్తున్నానా? ఏ టెస్టులు చేయాలో చెప్పండి, ఓపిగ్గా చేస్తాను.

లాంగ్‌డ్రైవ్:
ముందు ఆ 9 అనే లెక్క ఎలా వచ్చిందో చెప్పండి బ్రో. మీటర్‌లో చూసి చెప్తున్నారా, ట్యాంక్ నింపి లెక్క కట్టారా? డ్యాష్‌బోర్డు చూపించే అంకె చాలా బండ్లలో అసలు కంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. ఒకే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, నాజిల్ మొదటిసారి ఆటో కట్ అవ్వగానే ఆపించండి, ఆ పైన రౌండ్ ఫిగర్ కోసం పోయించకండి. ట్రిప్ మీటర్ జీరో చేసి, మళ్లీ నింపినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. ఒక్క ట్యాంక్ చాలదు, కనీసం మూడు కావాలి.

టెయిల్‌గేట్ తీసేసి నడిపితే గాలి అడ్డు తగ్గి మైలేజ్ పెరుగుతుందని మా వాళ్లు అంటుంటారు, అది కూడా ఒకసారి చూడండి.

స్పానర్:
టెయిల్‌గేట్ మాట వినకండి. మూసి ఉంచితేనే మంచిది. మూసి ఉన్నప్పుడు వెనక తొట్టిలో గాలి ఒక సుడిలా తిరుగుతూ అక్కడే నిలుస్తుంది, క్యాబ్ మీదుగా వచ్చే గాలి దాని మీద నుంచి జారిపోతుంది. దించేస్తే ఆ సుడి చెదిరిపోతుంది, లాభం రాకపోగా లోపలి సామాను జారిపడే ప్రమాదం ఒకటి. తొట్టికి గట్టి కవర్ వేస్తే హైవేలో కాస్త ఉపయోగం ఉంటుంది, కానీ మైలేజ్ కోసమే డబ్బు పెట్టి కొనేంత కాదు.

ఇక మీ అసలు విషయం టైర్లు. మీరు ఇచ్చిన సైజులతోనే లెక్క కట్టాను. పాత టైరు ఎత్తు సుమారు 776 మిల్లీమీటర్లు, కొత్తది 831. అంటే కొత్త టైరు ఒక్క చుట్టుకు 7 శాతం ఎక్కువ దూరం పోతుంది, కానీ మీ ఓడోమీటర్‌కి ఆ సంగతి తెలియదు, అది ఇంకా పాత టైరు లెక్కే వేస్తోంది. బండి నిజంగా 107 కిలోమీటర్లు వెళ్తే మీకు 100 అనే చూపిస్తుంది. మీరు 9 అనుకుంటున్నది నిజానికి 9.6 దాకా ఉంటుంది. ఫోన్‌లో జీపీఎస్ పెట్టి తిన్నగా ఉన్న రోడ్డు మీద 50 కిలోమీటర్లు వెళ్లి పోల్చి చూసుకోండి. స్పీడోమీటర్‌కీ ఇదే వర్తిస్తుంది, మీరు 110 అనుకున్నప్పుడు అంతకంటే వేగంగా వెళ్తూ ఉండొచ్చు, కాబట్టి ఇది భద్రతకు సంబంధించిన విషయం కూడా.

అలాగని లోటంతా లెక్కలోనే ఉందని కాదు. ఆల్ టెర్రెయిన్ టైర్ బరువెక్కువ, గట్లు లోతెక్కువ, దొర్లడానికి ఎక్కువ శక్తి తింటుంది. పైగా పెద్ద చక్రం వల్ల గేరింగ్ పొడవైపోయి, అంటే అదే గేర్‌లో ఇంజిన్‌కి లాగడం కష్టమై, ఆటోమేటిక్ గేర్ బాక్స్ చిన్న ఎత్తుకి కూడా కింది గేర్‌కి దిగుతుంటుంది. బురదలో, రాళ్లలో తిరగని వాళ్లకి ఈ టైర్లు అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. అమ్మేసి పాత సైజుకి రమ్మనే చెప్తాను.

గాలి ఎంత ఉంది? పొద్దున్న బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. సగటున ఒక్కో పీఎస్ఐ తగ్గితే 0.2 శాతం దాకా మైలేజ్ పోతుంది. చిన్న అంకెలా ఉంటుంది కానీ ఏడెనిమిది తగ్గితే ఒకటిన్నర శాతం, టైరు అరుగుదల అదనం.

నల్లమసి:
చిన్న ట్రిప్పులు అన్నారే, అక్కడ ఆగాను. ఆధునిక డీజిల్ అయితే డీపీఎఫ్ ఉంటుంది కదా, పొగలోని మసిని పట్టే ఫిల్టర్. అది నిండినప్పుడల్లా అదనంగా డీజిల్ వాడి దాన్ని 600 డిగ్రీల దాకా వేడి చేసి మసిని కాల్చేస్తుంది, దాన్నే రీజనరేషన్ అంటారు. మామూలుగా కొన్ని వందల కిలోమీటర్లకోసారి జరుగుతుంది. నాలుగు కిలోమీటర్లకే ఇంజిన్ ఆపేస్తుంటే ఆ పని సగంలో ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది, ప్రతిసారీ అదనపు డీజిల్ వృథా. ఐడిల్‌లో ఆర్‌పీఎం ఉన్నట్టుండి కొంచెం పెరగడం, బండి ఆపాక కూడా ఫ్యాన్ గట్టిగా తిరగడం, ఇలాంటివి గమనించారా? డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ) కూడా చూడండి. ఆయిల్ పై గీత దాటి ఉంటే డీజిల్ ఆయిల్‌లోకి దిగుతోందని అర్థం, అప్పుడు మాత్రం ఆలస్యం చేయకుండా ఆయిల్ మార్పించాలి. నాకు సరిగ్గా ఇలాగే జరిగింది. ఆరు నెలలు మైలేజ్ తక్కువ అని మొత్తుకున్నాను తప్ప ఆయిల్ చూసుకోలేదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

పొద్దున్న పది నిమిషాల ఐడిల్ దయచేసి మానేయండి. ఐడిల్‌లో డీజిల్ ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, పైగా మసి ఎక్కువ వస్తుంది. అర నిమిషం చాలు, తర్వాత మొదటి కొన్ని కిలోమీటర్లు మెల్లగా నడిపితే ఇంజిన్, గేర్ బాక్స్, డిఫరెన్షియల్ అన్నీ కలిసి వేడెక్కుతాయి. ఇంజిన్ సైజునీ ఏసీనీ బట్టి గంటకు ఒకటి నుంచి రెండు లీటర్ల దాకా నిలబడి ఉన్నచోటే కాలిపోతుంది.

లాంగ్‌డ్రైవ్:
టెయిల్‌గేట్ సంగతి నాకు తెలియదు స్పానర్ అన్నా, థ్యాంక్స్. మట్టిరోడ్డు గారూ, ఒకటి అడగడం మరిచాను, ఫోర్ వీల్ 4హెచ్‌లో, అంటే నాలుగు చక్రాలకీ శక్తి వెళ్లే మోడ్‌లో పెట్టి తిరగడం లేదు కదా?

మట్టిరోడ్డు:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. లేదు, ఎప్పుడూ 2హెచ్‌లోనే, రెండు చక్రాల మోడ్‌లోనే నడుపుతాను.

మూడు ట్యాంకులు లెక్క రాశాను. చివరిది 412 కిలోమీటర్లకి 45 లీటర్లు, అంటే 9.2. అదే ట్యాంక్‌కి డ్యాష్‌బోర్డు 10.4 అని చూపించింది! జీపీఎస్‌తో 50 కిలోమీటర్లు వెళ్తే ఓడోమీటర్ 46.8 మాత్రమే చూపించింది, స్పానర్ గారి 7 శాతం లెక్క అచ్చం సరిపోయింది. సరిచేస్తే 9.8. టైర్లలో గాలి నాలుగింటికీ 26 ఉంది, మెత్తగా పోతుందని షాపులో తగ్గించి పెట్టారట. డోర్ దగ్గర స్టిక్కర్ మీద 33 అని ఉంది. అదే పెట్టించనా?

స్పానర్:
ఆ స్టిక్కర్ కంపెనీ టైర్లకి. మీవి ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం అయితే అంతే బరువు మోయడానికి ఇంకొంచెం ఎక్కువ గాలి కావాలి. టైరు కంపెనీ లోడ్ చార్ట్ చూసి పెట్టించండి, ఊహించి పెట్టొద్దు.

క్యారియర్, లైట్ బార్ వాడనప్పుడు విప్పేయండి. ఇంకా ముఖ్యం వేగం. గాలి నిరోధం వేగం వర్గంతో (స్క్వేర్‌తో) పెరుగుతుంది, 90 నుంచి 110కి వెళ్తే అది దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. పికప్ ముందు భాగం గోడలా ఉంటుంది కాబట్టి కారు కంటే ఎక్కువ దెబ్బ. ముందు సిగ్నల్ కనిపించగానే కాలు తీసేయండి, న్యూట్రల్ చేయకండి. గేర్‌లో ఉండగా యాక్సిలరేటర్ వదిలితే ఇంజిన్ డీజిల్ పూర్తిగా కట్ చేస్తుంది, న్యూట్రల్‌లో అయితే ఐడిల్‌కి కావాల్సింది కాలుస్తూనే ఉంటుంది. మైలేజ్ పెంచే అయస్కాంతాలు, పొడులు ఎవరైనా అంటగడితే తీసుకోవద్దు.

ఒక్క టెస్ట్ మిగిలింది. పది పదిహేను కిలోమీటర్లు బ్రేకులు తక్కువ వాడుతూ వెళ్లి ఆపి, నాలుగు చక్రాల దగ్గర చేయి పెట్టి చూడండి, రిమ్‌ని మాత్రం తాకకండి. ఏదైనా ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేక్ పట్టేస్తోంది. దాన్ని ఏ స్కానరూ చూపించదు.

మట్టిరోడ్డు:
మూడు వారాల తర్వాత వచ్చాను. ఐడిల్ మానేశాను, చిన్న పనులన్నీ కలిపి ఒకే ట్రిప్పులో చేసుకుంటున్నాను, వారానికోసారి అరగంట హైవే మీద తిప్పుతున్నాను. క్యారియర్ విప్పేశాను, వేగం 90, 95. గాలి చార్ట్ ప్రకారం పెట్టించాను. డిప్‌స్టిక్ చూశాను, ఆయిల్ గీతల మధ్యే ఉంది, పెద్ద భయం తీరింది. ఈసారి ఓడోమీటర్ మీద 498, సరిచేస్తే 533, డీజిల్ 45.5 లీటర్లు. 11.7 వచ్చింది!

ఇంకో విషయం, చేయి పెట్టి చూస్తే ముందు ఎడమ చక్రం మిగతా మూడింటికంటే స్పష్టంగా వేడిగా ఉంది. మూడు సార్లు చూశాను, అదే. రేపు పొద్దున్నే సర్వీస్‌కి ఇస్తున్నాను, నేనే దగ్గరుండి ఆ చక్రం జాక్ మీద లేపించి చేత్తో తిప్పి చూపిస్తాను.