కేక్ టిన్‌కి పట్టిన గోధుమరంగు పొర: తోమాలా, వదిలేయాలా?

ఓటీజీ_కొత్త: అల్యూమినియం కేక్ టిన్ మూలల్లో, అంచు మడతల్లో గోధుమరంగు పొర గట్టిపడిపోయింది. డిష్ సోప్‌తో తోమినా, గోరు పెట్టి గీకినా రావట్లేదు. మా అత్తగారేమో "ఆ మురికి టిన్‌లోనే మళ్లీ వండుతావా?" అంటున్నారు. ఇన్‌స్టాలో ఒకావిడ దాన్ని ముట్టుకోవద్దంటోంది. ఎవరి మాట వినాలి?

పాత_పెనం: వదిలేయండి. అది మురికి కాదు, వేడికి నూనె గట్టిపడి పట్టేసిన పొర. కొత్త ఇనప పెనానికి నూనె రాసి కాల్చేది ఈ పొర కోసమే కదా. పెనాన్ని ఎవరైనా తెల్లగా వచ్చేదాకా తోముతారా?

కాకినాడ_కోడలు: టిన్‌కీ పెనానికీ పోలికేంటండీ! పెనం మీద పొర పలచగా, సమంగా ఉంటుంది. మూలల్లో పేరుకున్నది అలా ఉండదు. వేలితో తాకి చూడండి. జిగురుగా ఉంటే అది సగం గట్టిపడిన నూనే, కాగిన నూనె కంపు కూడా వస్తుంది. తర్వాతి కేక్ సరిగ్గా అక్కడే అతుక్కుని విరుగుతుంది. పైగా టిన్ నల్లబడేకొద్దీ వేడిని ఎక్కువ లాగుతుంది. నడుమ ఉడికేలోపే అంచులు మాడతాయి. ముదురు రంగు టిన్ అయితే 180 డిగ్రీల బదులు 165 దగ్గర పెట్టమనేది అందుకే.

సండే_బేకర్: ఇంత చర్చ ఎందుకు? వంటసోడా చల్లి వెనిగర్ పోయండి. బుసబుసా పొంగి మొత్తం ఊడొచ్చేస్తుంది.

ల్యాబ్_మాస్టారు: పొంగడం చూడ్డానికి బాగుంటుంది, అంతే. రెండూ కలిస్తే ఒకదాని బలం ఒకటి పోగొట్టుకుంటాయి. పొంగేది కార్బన్ డయాక్సైడ్, మిగిలేది సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు. గట్టిపడిన నూనెను విడగొట్టేది క్షారం. పూర్వం బూడిదతో గిన్నెలు తోమితే జిడ్డు వదిలేది అందుకే. వంటసోడా నీళ్ల పీహెచ్ (ఎంత క్షారమో చెప్పే కొలత) 8 పైచిలుకు, బట్టల సోడాది 11 దాకా ఉంటుంది. అలాగని అల్యూమినియం టిన్‌ని బట్టల సోడాలో నానబెట్టకండి. లోహాన్ని కాపాడే ఆక్సైడ్ పొరను తినేసి నల్లమచ్చలు తెస్తుంది. కాస్టిక్ సోడా ఉన్న ఓవెన్ క్లీనర్ల జోలికి అసలు పోవద్దు. అది తగిలితే అల్యూమినియం కరిగిపోతూ హైడ్రోజన్ వదులుతుంది, టిన్ గుంటలు పడుతుంది. స్టీల్ ట్రేకి మాత్రం వేడినీళ్లలో బట్టల సోడా చక్కగా పనిచేస్తుంది.

సండే_బేకర్: మరి మా ఇంట్లో పోయిందే?

ల్యాబ్_మాస్టారు: తర్వాత పీచుతో తోమే ఉంటారు!

డాలస్_వంటిల్లు: డిష్‌వాషర్ ఉన్నవాళ్లకి ఒక మాట. దాని డిటర్జెంట్ కూడా క్షారమే. అల్యూమినియం షీట్ పాన్ (పలకలాంటి బేకింగ్ ట్రే) అందులో వేస్తే బూడిదరంగుకి తిరిగి, తుడిస్తే చేతికి నల్లగా అంటుతుంది. నిమ్మరసం పిండిన నీళ్లు అందులోనే మరిగిస్తే రంగు చాలావరకు తిరిగొస్తుంది. మాడు మాత్రం దాంతో పోదు. నేను అడుగున పట్టిన పొరల జోలికి పోను. పాన్ అడుగుని ఎవరు చూస్తారు?

కాకినాడ_కోడలు: మా అత్తగారు చూస్తారు.

ఓటీజీ_కొత్త: లోపల అడుగంతా నున్నగానే ఉంది, మూలల్లో మాత్రం జిగురు తగిలింది. బట్టర్ పేపర్ వేస్తే సరిపోదా?

కాకినాడ_కోడలు: మడతల్లోకి పేపర్ కుదురుగా దిగదు. వంటసోడాలో చెంచాడు నీళ్లు కలిపి చిక్కటి ముద్ద చేసి మూలల్లో మెత్తండి. అరగంట ఆగి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఒక్కసారికే పోకపోతే మళ్లీ అదే చేయండి, స్టీల్ పీచు మాత్రం వద్దు. నాన్‌స్టిక్ టిన్‌కైతే మరీనూ, గీత పడితే పూత లేచిపోతుంది.

పాత_పెనం: మూలలు మీ ఇష్టం. ఆ నున్నటి అడుగుని తోమితే మాత్రం నేనొప్పుకోను!

ఓటీజీ_కొత్త: సరే, మూలలే తోముతాను. అడుగు సంగతి అత్తగారితో మీరే మాట్లాడాలి.

పాత_పెనం: ఫోన్ ఇవ్వండి.

కాకినాడ_కోడలు: ఇవ్వకండి, ఆయన పెనం కథ మొదలుపెడతారు.